కింది కాలి వేళ్లు పైకెత్తండి

వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా ఉన్న పిల్లలకు నమస్కారం. నాకిచ్చింది పావుగంటే. పేరుపేరునా చెప్పలేదని ఎవరూ ఏమీ అనుకోవద్దు. కాళ్ల బలానికి, జంప్‌కు బల్ల ఎక్కి దిగే వ్యాయామం, అదే స్టెప్-అప్, ఎలా చేయాలో చెబుతాను.

1943లో వెలువడిన హార్వర్డ్ స్టెప్ టెస్ట్‌తో మొదలుపెడదామని రాసుకొచ్చాను. 20 అంగుళాల ఎత్తు బల్ల, నిమిషానికి 30 సార్లు ఎక్కి దిగాలి, ఐదు నిమిషాలు. దిగాక నాడి చూస్తారు. అది ఓర్పును కొలిచే పరీక్ష బాబూ, కాళ్ల బలాన్ని కాదు! ఈ తేడా తెలియక ఎంతమంది కుర్రాళ్లు ఎన్నిసార్లు ఎక్కామన్న లెక్క వెంట పడి నెలలు పోగొట్టుకుంటున్నారో.

నేనూ పోగొట్టుకున్నాను. ఇరవై ఏళ్లప్పుడు రోజుకు 300 స్టెప్పులు వేసేవాణ్ణి. మూడు నెలలైనా నా జంప్ గోడ మీద సుద్దగీత దాటలేదు. ఒక సీనియర్ అన్న వచ్చి, నేల మీద కూర్చుని, నా పాదాలే చూశాడు. "తమ్ముడూ, నువ్వు కింది కాలితో నేలను తన్ని ఎగురుతున్నావు. బల్ల మీది కాలు ఊరికే ఉంది. కింది కాలి వేళ్లు పైకెత్తి, మడమ మీదే ఉండి ఎక్కు" అన్నాడు.

లేవలేకపోయాను. 300 ఎక్కేవాణ్ణి, ఒక్కటి ఎక్కలేకపోయాను.

ఎత్తు సగానికి తగ్గించి మళ్లీ మొదలుపెట్టాను. తొడ ముందు కండరం, పిరుదు కండరం అప్పుడు పని అందుకున్నాయి. బల్ల ఎత్తయ్యేకొద్దీ పిరుదు మీద భారం పెరుగుతుంది. దిగేటప్పుడు ధబ్బున పడకండి, మూడు లెక్కపెడుతూ దిగండి. బరువును ఆపుకుంటూ కండరం సాగేది అక్కడే. మర్నాడు, ఆ మర్నాడు తొడలు నొప్పి పెడతాయి, కంగారు పడొద్దు. మోకాలి కీలులో నొప్పి వస్తే మాత్రం ఆపేయండి.

మొదటి వారాల్లో తొడ లావెక్కదు. నరాలు కండరాన్ని పిలవడం నేర్చుకుంటాయి, బలం ముందు అలా వస్తుంది. అది తెలియక చాలామంది అక్కడే మానేస్తారు. పది సార్లు తేలిగ్గా అయితే ఎత్తు పెంచండి, లేదా చేతుల్లో బరువు పట్టుకోండి. జంప్ కావాలంటే ఆ బలానికి వేగం కూడా నేర్పాలి. నెమ్మదిగా ఎక్కడం ఒక్కటే చాలదు, కొన్నాళ్లకు చురుగ్గా ఎక్కడం, దూకడం కలపాలి.

ఇంకా రాసుకొచ్చింది ఉంది, వద్దు. ముందు వరుసలో బాబూ, నువ్వు రా. ఈ వేదిక మెట్టు మీద కుడికాలు పెట్టు. ఎడమ కాలి వేళ్లు పైకెత్తు. తన్నొద్దు. ఇప్పుడు లే.