ఓపినెల్ నంబర్ 8 మడత చాకు: బెజవాడ ఉక్కలో జేబులో పెట్టుకోవచ్చా?

నమస్కారమండీ. ఈ రోజు టేబుల్ మీద ఉన్నది ఓపినెల్ నంబర్ 8. ఫ్రాన్స్‌లో సవోయ్ అనే కొండ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఓపినెల్ అనే ఆయన మొదలుపెట్టిన చాకు ఇది. 1897లో సైజుల వారీగా 1 నుంచి 12 దాకా నంబర్లు ఇచ్చారు. మనం చూస్తున్న ఎనిమిదో నంబరుకు బ్లేడు 8.5 సెంటీమీటర్లు, మడిస్తే మొత్తం 11 సెంటీమీటర్లు. పిడి బీచ్ అనే చెట్టు చెక్క. బరువు 50 గ్రాములు కూడా ఉండదు కాబట్టి చొక్కా జేబులో వేసుకున్నా జేబు కిందికి లాగదు.

ముందు కోసి చూద్దాం. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్నాను. ఇది బాగా పండిన టమాటా. బ్లేడు పైన ఆనించి, నొక్కకుండా కేవలం లాగుతున్నాను. చూశారా, తోలు ఎక్కడా నలగలేదు, రసం కారలేదు. ఇప్పుడు జామకాయ. ఆన్‌లైన్‌లో నల్లగా, బరువుగా, మిలిటరీ వాళ్లది అన్నట్టు కనిపించే చాకులు చాలా అమ్ముతున్నారు కదా, వాటిలో ఒకటి ఇదిగో. దీన్ని జామకాయలోకి దింపితే సగం దాకా వెళ్లి, అక్కడి నుంచి కాయ తెగడం మానేసి పగులుతోంది. బ్లేడు అంత దళసరి మరి. ఓపినెల్ బ్లేడు వీపు దగ్గర కూడా రెండు మిల్లీమీటర్లు ఉండదు, అక్కడి నుంచి అంచు దాకా సన్నబడుతూ వస్తుంది. అందుకే ముక్క పల్చగా, సాఫీగా వస్తోంది. చాకు కొనేటప్పుడు మనవాళ్లు స్టీలు పేరు అడుగుతారు, డిజైన్ చూస్తారు, బ్లేడు ఎంత సన్నం అని మాత్రం అడగరు. నా దృష్టిలో మొదట అడగాల్సింది అదే.

పురికొస, కొరియర్ అట్టపెట్టె, బియ్యం బస్తా కుట్టు, ఇవన్నీ ఇబ్బంది లేకుండా తెగుతాయి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల, అంటే మిర్చి బస్తాల, మూతి కుట్లు విప్పే పని రోజూ ఉన్నవాళ్లకు కూడా సరిపోతుంది. కానీ కొబ్బరికాయ కొట్టడానికి, డబ్బా మూత పెకలించడానికి, స్క్రూ తిప్పడానికి వాడొద్దు. మొన సన్నం, విరిగిపోతుంది.

ఇక లాక్. పిడి చివర ఈ స్టీలు రింగు ఉంది చూడండి. బ్లేడు తెరిచి రింగు ఇలా తిప్పితే బ్లేడు వేళ్ల మీదికి మడత పడదు. 1955లో జోసెఫ్ కొడుకు మార్సెల్ ఓపినెల్ చేసిన మార్పు ఇది. 2000 నుంచి మూసి ఉన్నప్పుడు కూడా లాక్ అయ్యేలా చేశారు. జేబులో వేసుకునే వస్తువుకు నాకు బాగా నచ్చింది ఈ రెండో లాకే. ఆరో నంబరు కంటే చిన్నవాటికి ఈ రింగు ఉండదు, అది గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు సమస్య. చెక్క పిడి, పక్కనే కృష్ణ, వానాకాలం ఉక్క. గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బి, బ్లేడును రెండు వైపులా బిగించి పట్టేస్తుంది. గోటితో లాగడానికి బ్లేడు మీద చిన్న గాడి ఉంటుంది, కానీ అప్పుడు గోరు విరుగుతుందే తప్ప బ్లేడు రాదు. బలం పెట్టి లాగకండి, ఒక్కసారిగా ఊడొచ్చి చెయ్యి తెగుతుంది. సవోయ్ రైతులు వాడే పద్ధతి ఒకటుంది. రింగు లాక్ తీసి, పిడి వెనక చివరను టేబుల్ మీద ఇలా టక్కున కొట్టాలి. చూడండి, బ్లేడు వీపు కొద్దిగా పైకి లేచింది. ఇక వేళ్లతో పట్టి తీయడమే.

అలా బిగిసిన చాకును తెరిచి, ఫ్యాన్ కింద ఆరనివ్వండి. ఎండలో పెడితే చెక్క పగుళ్లు తీస్తుంది. ఆరాక బ్లేడు కూర్చునే గాడిలో కొంచెం వ్యాజ్‌లైన్ పూస్తే తేమ అంత త్వరగా పట్టదు. అయినా బిగుస్తుంటే ఉప్పు కాగితం మడిచి గాడి లోపల తేలిగ్గా రుద్దండి. గిన్నెలతో కలిపి నీళ్లలో నానబెట్టడం మాత్రం వద్దు.

స్టీలు రెండు రకాలు. బ్లేడు మీద చెయ్యి, దాని మీద కిరీటం ముద్ర ఉంటుంది. దాని కింద 'ఇనాక్స్' (అంటే స్టెయిన్‌లెస్ స్టీలు) అనో 'కార్బోన్' (కార్బన్ స్టీలు) అనో రాసి ఉంటుంది. కార్బన్ బ్లేడు రాయి మీద త్వరగా పదునెక్కుతుంది, నిజమే. కానీ మే నెల చెమటకు చొక్కా జేబులోనే తుప్పు పడుతుంది, ఒక పచ్చిమామిడి కోస్తే నల్లబడుతుంది, ముక్కకు ఇనుము వాసన వస్తుంది. కోసిన ప్రతిసారీ తుడిచే ఓపిక ఉన్నవాళ్లు తీసుకోండి. మిగతా అందరికీ ఇనాక్సే. అది స్వీడన్ వాళ్ల 12సీ27 రకం స్టీలు, తుప్పును ఆపే క్రోమియం ఎక్కువగా ఉంటుంది, మన ఉక్కకు తట్టుకుంటుంది.

మొద్దుబారితే వీధిలో సైకిల్ మీద వచ్చే సాన పట్టే అతనికి ఇవ్వకండి. ఆయన పనితనాన్ని తప్పుపట్టడం లేదు, కత్తిపీటకు, వంటింటి కత్తికి ఆయనే కరెక్ట్. కానీ ఇంత సన్నటి అంచు ఆ చక్రం మీద క్షణంలో వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది, అక్కడ గట్టిదనం పోతుంది. వెయ్యి గ్రిట్ (రాయి గరుకుదనానికి కొలత) సానరాయి తడిపి, రెండు వైపులా సమానంగా నెమ్మదిగా నూరి, పాత తోలు బెల్టు మీద నాలుగుసార్లు వెనక్కి లాగితే చాలు.

"పోలీసులు పట్టుకుంటారా?" అనే టెన్షన్ చాలామందికి ఉంటుంది. ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాల్సింది బ్లేడు 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తులకు. వాటిలోనూ ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. ఇది మూడున్నర అంగుళాలు కూడా లేదు. అయితే ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు నిషేధాజ్ఞలు పెడతారు, ఆ రోజుల్లో ఇంట్లో ఉంచండి. కోర్టుకు, కొండ మీద అమ్మవారి దర్శనానికి వెళ్లేటప్పుడు కూడా అంతే. గన్నవరంలో విమానం ఎక్కేవాళ్లు చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి, చేతి బ్యాగులో ఉంటే తీసేసుకుంటారు.

చేపల మార్కెట్లోనో, రొయ్యల చెరువుల మీదో పని చేసేవాళ్లు దీన్ని కొనకండి. చెయ్యి ఎప్పుడూ తడిగా ఉండే చోట చెక్క పిడి బాధపెడుతుంది. విక్టోరినాక్స్ క్యాడెట్ చూడండి, అల్యూమినియం పిడి, మడిస్తే 84 మిల్లీమీటర్లు, ఉబ్బే ప్రశ్నే లేదు. కాకపోతే దానికి బ్లేడు లాక్ లేదు, మొన గుచ్చే పనులకు పనికిరాదు.

పార్శిల్ ఇంటికి రాగానే పిడి మీద మెరుపు చూసి మురిసిపోకుండా బ్లేడు తెరిచి, రింగు తిప్పి, బ్లేడు వీపును టేబుల్ అంచుకు ఆనించి కొంచెం నొక్కండి. రింగు వదులుగా తిరిగినా, బ్లేడు కదిలినా అదే రోజు రిటర్న్ పెట్టేయండి.