భంగిమ కన్నా ముందు ఊపిరి చూస్తాను

అందరికీ నమస్కారం. యోగాతో పాటు పిలాటిస్ (ఒంటిని నిలిపి ఉంచే కండరాలకు బలమిచ్చే వ్యాయామ పద్ధతి) కూడా నేర్పుతానంటే, ఆ రెంటికీ ఎలా పొసగుతుందని చాలామంది అడుగుతుంటారు. నా క్లాసు ఎలా నడుస్తుందో చెబితే అందులోనే జవాబు ఉంటుంది.

నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు బాగా వంగుతుంది. ఏ ఆసనం చూపించినా వెంటనే వేసేసేదాన్ని. పెద్దయ్యాక నడుము నొప్పి మొదలైంది. ఫిజియోథెరపిస్టు పరీక్షించి, "మీ కీళ్లు వదులుగా ఉన్నాయి, వాటిని పట్టి ఉంచే కండరాలకు బలం చాలడం లేదు. ఇంకా సాగదీయకండి" అన్నారు. అలా పిలాటిస్‌లోకి వచ్చాను. మొదట్లో చేయించింది చూస్తే ఇదేం వ్యాయామం అనిపిస్తుంది. వెల్లకిలా పడుకుని, నడుము ఏమాత్రం కదలకుండా ఒక్కో కాలు ఎత్తి దించాలి, అంతే. దానికే చెమటలు పట్టేవి. వంగడం వేరు, వంగినచోట నిలదొక్కుకోవడం వేరని అప్పుడు ఒంటికి తెలిసింది.

ఈ విద్యలు ఎవరి చేతుల్లో పెరిగాయో చూడండి. పిలాటిస్ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టారు. చిన్నప్పుడు ఉబ్బసం, రికెట్స్‌ (ఎముకలు మెత్తబడే జబ్బు)తో బాధపడ్డ మనిషి. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు, జర్మన్ కాబట్టి ఆయన్ని బ్రిటన్‌లో నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడా ఆగలేదు, తోటి ఖైదీల చేత వ్యాయామాలు చేయించారు. తర్వాత న్యూయార్క్ వెళ్లి స్టూడియో పెడితే డాన్సర్లు వరసకట్టారు. ఇటు 1918లో పుట్టిన యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్‌ది కూడా జబ్బుల బాల్యమే: మలేరియా, టైఫాయిడ్, క్షయ. బావగారైన కృష్ణమాచార్య దగ్గర మైసూరులో యోగా మొదలుపెట్టారు. చెక్క దిమ్మలు, బెల్టులు, కుర్చీల సాయంతో ఎవరైనా ఆసనం వేయొచ్చని చూపించింది ఆయనే. ఒళ్లు సహకరించని బాధ ఇద్దరికీ స్వయంగా తెలుసు. అందుకే "నాకు వంగదండీ, నేనేం చేస్తాను" అంటూ గుమ్మం దగ్గరే ఆగిపోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇవి వాళ్ల కోసమే ఉన్నాయి.

ఇక క్లాసులో నేను మొదట చూసేది ఊపిరి. కాలు ఎంత లేచింది, చెయ్యి ఎక్కడిదాకా అందింది అన్నవి తర్వాత. పశ్చిమోత్తానాసనమే తీసుకోండి. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగాలి. చాలామంది ఎలాగైనా బొటనవేళ్లు అందుకోవాలని వీపు గుండ్రంగా చేసి, మెడ చాచి లాగుతారు. ఆ క్షణంలో ఊపిరి బిగబట్టేస్తారు, దవడలు బిగుసుకుంటాయి. అక్కడే ఆపేయిస్తాను. తొడ వెనక కండరాలు పైన పిరుదుల కింది ఎముకకు అతుక్కుని ఉంటాయి. అవి బిగుతుగా ఉంటే కటి (నడుము కింద తుంటి ఎముకల భాగం) ముందుకు తిరగదు, ఆ భారమంతా నడుము మీద పడుతుంది. అప్పుడు పిరుదుల కింద దుప్పటి మడతపెట్టి వేస్తాను, మోకాళ్లు కొంచెం వంచమంటాను, పాదాలకు బెల్టు తగిలించి పట్టుకోమంటాను. కటి ముందుకు ఒరుగుతుంది, వీపు నిటారవుతుంది. వేళ్లు ఇంకా దూరంగానే ఉంటాయి, ఉండనీండి. ఊపిరి మళ్లీ ఆడుతోందంటే ఆసనం మొదలైందన్నమాట.

పిలాటిస్‌లో ఊపిరి లెక్క వేరు. యోగాలో మామూలుగా ముక్కుతోనే పీల్చి ముక్కుతోనే వదులుతాం. ఇక్కడ ముక్కుతో పీల్చి, పక్కటెముకలు పక్కలకు విచ్చుకోనిచ్చి, నోటితో వదులుతూ పొట్ట లోపలికి తీసుకుంటాం. కొత్తవాళ్లు ఈ రెండూ కలిపేసి టెన్షన్ పడతారు. అందుకే నేను రెంటినీ కలగలపను. ముందు పిలాటిస్, తర్వాత కాసేపు కదలకుండా పడుకోవడం, ఆపైన యోగా. "హండ్రెడ్" అనే వ్యాయామంలో తల ఎత్తి చేతులు ఆడిస్తూ అయిదు లెక్కలు పీల్చి, అయిదు లెక్కలు వదలాలి. అలా పదిసార్లు. మెడ లాగేస్తోందంటే తల నేలకు ఆనించమంటాను. పొట్ట పని ఆగదు, మెడకు హాయి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఎముకలు గుల్లబారినవాళ్ల చేత వెన్ను గుండ్రంగా వంచే వ్యాయామాలు చేయించకండి, వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది. బీపీ అదుపులో లేనివాళ్ల చేత శీర్షాసనం వద్దు. గర్భిణులు డాక్టర్ సరేనన్నాకే రావాలి. ఇవన్నీ మొదటిరోజే అడుగుతాను, విడిగా, పదిమందిలో కాదు. ఎవరి ఒంటి మీదైనా చెయ్యి వేసేముందు కూడా అడుగుతాను. వద్దంటే మాటతోనే సరిచేస్తాను.

నొప్పి అన్నప్పుడు ఎక్కడో వేలితో చూపించమంటాను. కండరం మధ్యలో లాగుతున్నట్టుంటే కొంచెం తగ్గించి కొనసాగిస్తాం. కీలు లోపల పోటు వచ్చినా, నడుము నుంచి కాలి కిందికి జివ్వుమని పాకినా, తిమ్మిరెక్కినా ఆరోజుకి అంతే. ముందు డాక్టర్‌కి చూపించుకుని రమ్మంటాను. ఫీజు కట్టాం, క్లాసు పోతుందని మొహమాటపడతారు. ఆ క్లాసు మళ్లీ పెడతానని అప్పుడే మాటిచ్చి పంపిస్తాను.