పాత క్లాసిక్ 350 మలుపుల్లో కింద రాసుకుంటోందా? స్టాండ్ కోయించే ముందు ఫోర్క్ చూడండి

అందరికీ నమస్కారం. ముందుగా ఇది చూడండి. మెయిన్ స్టాండ్ వేసేటప్పుడు కాలితో తొక్కే రాడ్ ఉంటుంది కదా, దాని అంచు. నల్ల పెయింట్ లేచిపోయి గోరంత మేర ఇనుము తళతళలాడుతోంది. శ్రీశైలం ఘాట్‌లో దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే పడ్డ మచ్చ ఇది. వెనక మా ఆవిడ కూర్చుని ఉంది. ఎడమ మలుపులో బండి వంచగానే కింద కర్రుమని శబ్దం, వెంటనే వెనక చక్రం పక్కకి జారింది. పడలేదు, కానీ డ్యామ్ దగ్గర బండి ఆపాక కూడా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 2013 మోడల్. 2021లో కొత్త ఇంజిన్‌తో వచ్చినది కాదు, దానికి ముందుదే. ఫోర్క్ అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉండే కాళ్లు, లోపల స్ప్రింగ్, ఆయిల్ ఉంటాయి. దాని రాడ్లు 35 మిల్లీమీటర్ల మందం, చక్రం పైకి కిందికి ఆడే దూరం 130 మిల్లీమీటర్లు. వెనక 80 మాత్రమే. నా బండి 61 వేల కిలోమీటర్లు తిరిగింది, ఫోర్క్ ఆయిల్ ఎప్పుడు మార్చారో సర్వీస్ బుక్‌లో ఎక్కడా లేదు.

ఈ మచ్చ చూసిన ప్రతివాళ్లూ ఒకటే మాట: "స్టాండ్ తీసేయండి, లేదా ఆ రాడ్ కోయించేయండి". నేను ఒప్పుకోలేదు. ఫుట్‌రెస్ట్ నేలకి రాసుకుంటే అది పైకి మడుచుకుంటుంది, ఇక వంచొద్దని మనకి హెచ్చరిక అందుతుంది. స్టాండ్, సైలెన్సర్ మడుచుకోవు. అవి నేలకి తగిలితే బండి బరువు వాటి మీద పడి టైరు రోడ్డు మీద నుంచి లేస్తుంది. నాకు ఆ రోజు జరిగింది అదే. స్టాండ్ కోస్తే తర్వాత తగిలేది ఇంకో ఇనుము ముక్క. అసలు బండి ఎందుకంత కిందికి కూర్చుంటోందో చూడాలి కదా.

అందుకని కొలిచాను. టేపు ఒకటి, సాయానికి ఇద్దరు మనుషులు చాలు. మెయిన్ స్టాండ్ వేసి వెనక నుంచి నొక్కితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. అప్పుడు ఇరుసు మధ్య నుంచి పైన ఫోర్క్ క్లాంప్ దాకా కొలిచి రాసుకోండి. తర్వాత స్టాండ్ తీసి, హెల్మెట్ జాకెట్ వేసుకుని బండెక్కండి, పక్కన ఒకరు నిటారుగా పట్టుకోవాలి. మళ్లీ అక్కడే కొలవండి. ఆ రెండింటి తేడాయే సాగ్. ఆడే దూరంలో మూడో వంతుకి కాస్త తక్కువ, అంటే ఈ బండికి 35 నుంచి 40 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. నాకు వచ్చింది 57. బ్రేక్ వేయకముందే, మలుపు రాకముందే, సగానికి దగ్గరగా కూర్చుండిపోయింది.

ఇక మలుపులో ఏమవుతుందో ఆలోచించండి. బండి 30 డిగ్రీలు వంగి తిరుగుతుంటే సస్పెన్షన్ మీద పడే బరువు 15 శాతం దాకా పెరుగుతుంది. దిగుడు కాబట్టి ముందు బ్రేక్ కూడా పట్టుకునే ఉంటాం. ఇప్పుడు స్టాండ్ అంచు టైరు నేలని తాకే చోటు నుంచి పక్కకి 30 సెంటీమీటర్ల దూరంలో, నేలకి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. ఇది లెక్క కోసం చెప్పేదే. 26 డిగ్రీల పైచిలుకు వంపుకే అది నేలకి తగులుతుంది. అదే అంచు 2 సెంటీమీటర్లు పైకి లేస్తే 29 డిగ్రీలు దాటేదాకా తగలదు. ఘాట్‌లో ఆ మూడు డిగ్రీలు చాలా పెద్ద తేడా.

సరే, ఫోర్క్ విప్పాం. ఇంజిన్ కింద జాకీ పెట్టి, ముందు చక్రం పైకెత్తి పెట్టాకే పైన క్యాప్ తిప్పాలి. లోపల స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది కాబట్టి మొహం పక్కకి పెట్టుకోండి. ఇదిగో మా పాత ఆయిల్, గాజు సీసాలో పట్టాను. బూడిద కలిపిన నీళ్లలా ఉంది. లైట్ పెట్టి చూస్తే సన్నటి మెరుపు, అదంతా అరిగిన లోహం పొడి. వాసన అయితే భరించలేం.

మొదటి మార్పు స్పేసర్. స్ప్రింగ్ పైన పెట్టడానికి లేత్‌లో 18 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్కలు రెండు కోయించాను. చాలామంది పొరపడేది ఇక్కడే. స్పేసర్ వేస్తే స్ప్రింగ్ గట్టిపడదు, బండి కూర్చునే ఎత్తు మారుతుంది అంతే. 18 మిల్లీమీటర్లు వేశాం, 57 ఉన్న సాగ్ 39కి వచ్చింది. బాగుందని 40 మిల్లీమీటర్లది వేస్తే మాత్రం ముందు చక్రం గుంతలోకి దిగడానికి చోటుండదు, పూర్తిగా నొక్కుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి తగులుకుంటాయి. మీ బరువు 90 కిలోలు దాటితే స్పేసర్ కాదు, గట్టి స్ప్రింగే వేయించండి.

రెండోది ఆయిల్. ఎంత పోశామన్న దానికంటే ఫోర్క్ రెండు కాళ్లలోనూ ఒకే మట్టంలో ఉందా అన్నది ముఖ్యం. స్ప్రింగ్ తీసి, ఫోర్క్ పూర్తిగా కిందికి నొక్కి, పై అంచు నుంచి ఆయిల్ దాకా స్కేలు దింపి కొలవాలి. పైన మిగిలే గాలి కూడా స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. ఆయిల్ ఎక్కువ పోస్తే ఆ గాలికి చోటు తగ్గి చివర్లో ఫోర్క్ రాయిలా గట్టిపడుతుంది, సీళ్లు కూడా కారతాయి. మాన్యువల్‌లో ఉన్న మట్టమే పెట్టండి. చిక్కదనం మాత్రం ఒక మెట్టు పెంచాను. బ్రేక్ వేస్తే ముందు ధబీమని కూలబడడం తగ్గింది. అయితే చిన్న చిన్న గతుకులు చేతికి ఇదివరకటి కంటే కాస్త ఎక్కువే తెలుస్తున్నాయి. ఈ ఫోర్క్‌లో ఆయిల్ ఎప్పుడూ ఒకే సైజులో ఉండే రంధ్రాల గుండా పోతుంది కాబట్టి ఒకటి కావాలంటే ఇంకోటి కొంత వదులుకోవాలి. సీళ్లు, హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు (కోన్ సెట్) ఎలాగూ మార్చాం, అవి అరిగితే మార్చక తప్పదు.

బిగించేటప్పుడు ఒక్క మాట. ఇరుసు నట్ బిగించాక, పక్క క్లాంప్ వదులుగానే ఉంచి, ముందు బ్రేక్ పట్టుకుని ఫోర్క్‌ని పది సార్లు గట్టిగా నొక్కండి. రెండు కాళ్లూ వాటంతట అవే సమానంగా సర్దుకుంటాయి. ఆ తర్వాతే క్లాంప్ బిగించండి. మా దగ్గర మొదటిసారి ఇది మర్చిపోయాం, కొత్త ఆయిల్ పోసినా ఫోర్క్ పట్టేసినట్టే ఉంది.

వెనక షాకప్స్‌కి పైసా ఖర్చు లేదు. ఇద్దరం వెళ్లేటప్పుడు షాకప్ స్ప్రింగ్ కింద ఉండే రింగుని సి-పానాతో రెండో గాటు నుంచి నాలుగో గాటుకి తిప్పుతున్నాను. పొడవైన షాకప్స్ వేయమని కూడా చెప్పారు. వద్దనుకున్నాను. మెయిన్ స్టాండ్ వేసినా వెనక చక్రం నేలకి ఆనేస్తుంది, హ్యాండిల్ కూడా చురుగ్గా మారిపోతుంది. ఇంట్లో అందరూ నడిపే బండికి అది నాకు నచ్చదు.

అన్నీ కలిపి, కూలీతో సహా నాకు అయింది 2,700 రూపాయలు.

పోయిన ఆదివారం పొద్దున్నే మన్ననూరు చెక్‌పోస్ట్ దాటి మళ్లీ అదే రోడ్డుకి వెళ్లాం. బయల్దేరే ముందు స్టాండ్ అంచుకి, ఫుట్‌రెస్ట్ చివర్లకి, సైలెన్సర్ కిందా సుద్దముక్కతో మందంగా పూశాను. అదే ఎడమ మలుపు, అదే వేగం, వెనక మా ఆవిడే. దిగాక చూస్తే ఎడమ ఫుట్‌రెస్ట్ చివర సుద్ద చెరిగింది. స్టాండ్ మీద సుద్ద, చూడండి, నా వేలిముద్రలతో సహా అలాగే ఉంది.