అటక మీది రాట్నం

శ్రోతలకు నమస్కారం.

దసరా దాటాక ఆదోనికి వచ్చే బస్సు ఎక్కితే, ఊరు రాకముందే పత్తి ఎదురొస్తుంది. రోడ్డు పక్క తుమ్మముళ్లకు చిక్కుకుని ఉంటుంది. లారీల మీంచి ఎగిరిన దూది అది. మార్కెట్ యార్డు లోపల రైతులు తమ తమ లాట్ల పక్కన కూర్చుని ఉంటారు. కొనేవాడు వస్తాడు. కుప్పలోంచి గుప్పెడు పత్తి తీసి, గింజ నుంచి దూది పీకి, రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగి చూస్తాడు. పోగు ఎంత పొడుగుంది, ఎంత గట్టిగా ఉంది అని. పది క్షణాల పని. ఆ ఇంటి ఏడాది బతుకు ఆ పది క్షణాల్లో తేలిపోతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో రైతు ముఖం వైపు చూడాలంటే నాకు టెన్షనే.

ఆ పోగు పొడుగు, పోగు బలం, దాన్ని నూలుగా మార్చే వేళ్లు. ఈ మూడింటి చుట్టూ రెండువందల యాభై ఏళ్ల కిందట ప్రపంచమే మారిపోయింది. దాని గురించే ఈరోజు నాలుగు మాటలు.

మా ఇంటి అటక మీద ఒక రాట్నం ఉండేది. చెక్క పుచ్చిపోయి, కదురు తుప్పుపట్టి, దేనికీ పనికిరాకుండా ఉండేది. అయినా మా జేజి, అంటే మా అవ్వ, దాన్ని పారేయనిచ్చేది కాదు. తను ఎప్పుడూ వడకలేదు. తన అత్తా వడకలేదు. ఆ అత్తకు అత్త వడికేదట. ఇంటి పనంతా అయ్యాక దీపం ముందు కూర్చుని నూలు తీసి, సంతలో సాలెవాళ్లకు అమ్మి, ఆ డబ్బుతో ఉప్పూ మిరపకాయలూ తెచ్చేదని చెప్పేవారు. ఆమె పేరేమిటని అడిగితే జేజికి కూడా తెలియదు.

నూలు ఎలా వస్తుందో ఈ కాలం పిల్లలకు చెప్పాలి. పత్తి నుంచి గింజ తీస్తే దూది. దూదిని వింటితో ఏకితే పింజలు పింజలుగా విడిపోతుంది. ఆ పింజను వేలంత లావున చుడితే ఏకు. ఆ ఏకును కదురుకు పట్టించి రాట్నం తిప్పుతూ లాగితే దారం. పత్తి పోగు ఆరినప్పుడు దానంతటది మెలి తిరుగుతుంది. అందుకే ఒక పోగు ఇంకో పోగును పట్టుకుంటుంది, దారం నిలుస్తుంది. దూది ఏకడం ఒక పెద్ద విద్య. కందిమల్లాయపల్లెలో బ్రహ్మంగారి శిష్యుడైన సిద్దయ్య దూదేకుల ఇంటి బిడ్డే. ఆ పని చేసేవాళ్ల పేరును మన ఊళ్లలో ఇప్పటికీ కొందరు తిట్టుగా వాడతారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. వాళ్ల విల్లు మోగకపోతే మన తాతల ఒంటి మీద బట్ట ఉండేది కాదు.

పత్తి వాడకం మన ఉపఖండంలో ఎంత పాతదంటే, బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ సమాధుల్లో ఒక రాగిపూస లోపల పత్తిపోగులు దొరికాయి. వాటి వయసు ఏడు వేల ఏళ్లకు పైమాటే. గొర్రె ఉన్నికంటే మంచి ఉన్ని కాసే చెట్లు భారతదేశంలో ఉన్నాయని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. తర్వాతి కాలంలో మన మచిలీపట్నం నుంచి అద్దకపు బట్టలు ఓడలకొద్దీ ఐరోపాకు వెళ్లాయి. ఉతికినా రంగు పోని బట్ట అక్కడివాళ్లకు వింత. ఇంగ్లండులో అందరూ వాటినే కట్టడం మొదలుపెట్టేసరికి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు అల్లర్లు చేశారు. 1700లో ఒకటి, 1721లో ఇంకొకటి, చట్టాలు తెచ్చి అద్దకపు నూలు బట్టలను అక్కడ నిషేధించారు. మన బట్టతో పోటీ పడలేక తలుపు మూసుకున్నారన్నమాట.

మూసిన తలుపు వెనక వాళ్లు ఊరికే కూర్చోలేదు. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఒక మగ్గానికి సరిపడా నూలు తీయాలంటే నలుగురైదుగురు వడకాలి. 1733లో జాన్ కే అనే ఆయన, మగ్గంలో అడ్డపోగును మోసే నాడె దానంతటది పరుగెత్తే ఏర్పాటు చేశాడు. నేత వేగం పెరిగింది, నూలు చాలలేదు. మగ్గం ఆకలి తీర్చడానికే మిగతా యంత్రాలన్నీ వచ్చాయి. 1764 ప్రాంతంలో హార్‌గ్రీవ్స్ ఎనిమిది కదుళ్లు ఒకేసారి తిరిగే యంత్రం చేశాడు. అయితే ఆ నూలు మెత్తన, అడ్డపోగైన పేకకు తప్ప, నిలువునా బిగించే పడుగుకు ఆగదు. పడుగుకు వాళ్లు నార దారమే వాడేవారు. 1769లో ఆర్క్‌రైట్ నీటి బలంతో తిరిగే యంత్రానికి పేటెంటు హక్కు తీసుకున్నాడు. అది పడుగుకు ఆగే గట్టి నూలు తీసింది. 1771లో క్రామ్‌ఫర్డ్ అనే చోట వాగు పక్కన దాని మిల్లు కట్టడం మొదలైంది. 1779లో క్రాంప్టన్ ఆ రెండు పద్ధతులనూ కలిపి సన్నటి, గట్టి నూలు తీశాడు. ఆ తర్వాత నీళ్ల స్థానంలో ఆవిరి యంత్రం వచ్చింది, మిల్లులు వాగులు వదిలి మాంచెస్టరుకు చేరాయి.

ఈ లెక్క ఒక్కటి వినండి. మన దేశంలో చేత్తో వంద పౌన్ల పత్తి, అంటే సుమారు 45 కిలోలు, నూలు చేయడానికి 50,000 గంటలు పట్టేదని చరిత్రకారుల అంచనా. 1825 నాటికి ఇంగ్లండు యంత్రానికి అదే పని 135 గంటలు. 50,000 గంటలంటే, రోజుకు పది గంటల చొప్పున ఒక మనిషి పదమూడేళ్లకు పైగా కూర్చోవాలి. ఆ పదమూడేళ్ల పనిని యంత్రం రెండు వారాల్లో మింగేసింది.

ఈ చరిత్ర చెప్పేటప్పుడు అందరూ నేతగాడి గురించి మాట్లాడతారు. నేతగాడు నష్టపోయాడు, నిజమే. అయితే ఇంగ్లండు మిల్లు నూలు చౌకగా దొరకడంతో దాన్నే మగ్గానికెక్కించి కొంతకాలం నిలబడ్డాడు. ముందుగా, చప్పుడు లేకుండా పోయింది వడికే ఆడవాళ్ల సంపాదన. వాళ్లకు కులసంఘం లేదు, అంగడి లేదు, దండోరా వేసి చెప్పుకోవడానికి గొంతు లేదు. నూలు అమ్ముడు పోవడం ఆగింది, రాట్నం అటకెక్కింది. మన భాషలో ఏకు మేకైందంటారు కదా. బట్ట కొనడానికి వచ్చిన కుంఫిణీవాడు, అంటే ఈస్టిండియా కంపెనీవాడు, మొదట ఏకులాగే ఉన్నాడు. 1800లో నిజాం మన బళ్లారి, కడప సీమలను కుంఫిణీకి రాసిచ్చాడు, దత్తమండలాలయ్యాం. పన్నుల లెక్కలకు కుంఫిణీ కలెక్టరుగా మన్రో దొర వచ్చాడు. ఆ తర్వాత మన పత్తి పోవడం, వాళ్ల నూలు రావడం మొదలైంది.

మిల్లులకు అంత పత్తి ఎక్కడిది? ఎక్కువగా అమెరికా నుంచి. అక్కడి పత్తి గింజకు నూగు గట్టిగా అంటుకుని ఉంటుంది. మన దేశంలో పూర్వం నుంచీ ఉన్న రెండు కర్రల గింజతీత పరికరం దానికి పనిచేయదు. 1793లో ఎలి విట్నీ పళ్ల చక్రంతో గింజ తీసే జిన్ను కనిపెట్టాడు. గింజతీత తేలికైంది. తేలికైనకొద్దీ ఇంకా ఎకరాలు, ఇంకా మనుషులు కావాలన్నారు. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చినవాళ్ల బిడ్డలు, ఆ బిడ్డల బిడ్డలు ఆ చేలల్లో కొరడా కింద పత్తి ఏరారు. 1860 నాటికి అమెరికాలో బానిసలు సుమారు 40 లక్షల మంది. ఇంగ్లండు మిల్లులకు ముప్పాతిక వంతు పత్తి ఆ చేతులే అందించాయి. మాంచెస్టరు పొగగొట్టాల గురించి గొప్పగా రాసే పుస్తకాల్లో ఈ సంగతి మొదటి పేజీలోనే ఉండాలని నా అభిప్రాయం.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోయాయి. మాంచెస్టరు ఉన్న లాంకషైరులో మిల్లులు మూతపడి కూలీలు పస్తులున్నారు. అప్పుడు వాళ్ల చూపు మన నల్లరేగడి మీద పడింది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ నేలను రెగుర్ అంటారు, అది మన రేగడి మాటే. పత్తి ధర ఒక్కసారిగా ఎగిరింది. నాలుగేళ్లు వెలిగి, 1865లో యుద్ధం ముగియగానే పడిపోయింది. మద్రాసు నుంచి కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా వెళ్లే రైలు రాయచూరును చేరి బొంబాయి దారితో కలిసింది 1871లో. అంటే రైలు వచ్చేసరికి మంచి ధర వెళ్లిపోయి ఆరేళ్లయింది. ఇంకో ఐదేళ్లకు, ధాత నామ సంవత్సరంలో, ధాత కరువు. తిండికే లేనప్పుడు బట్ట ఎవరు కొంటారు? మగ్గాలు కూడా ఆగిపోయాయి.

తర్వాత మనవాళ్లు లేచిన సంగతీ చెప్పాలి. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు చేనేతవాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. నూలు సంఘమే ఇచ్చేది, బట్ట సంఘమే అమ్మేది. నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన నరసింహ రకం పత్తి పేరు ఈ ప్రాంతపు పెద్ద రైతులకు గుర్తుండే ఉంటుంది. 1970లో సూరత్‌లో హెచ్-4 అనే హైబ్రిడ్ వచ్చాక సాగు తీరే మారింది. ఇప్పుడు ఆదోని యార్డుకు వచ్చేది దాదాపు అంతా అమెరికా జాతి పత్తే. జిన్నింగ్ అయ్యాక 170 కిలోల బేళ్లు లారీలెక్కి, ఎక్కువ భాగం బయటి రాష్ట్రాల మిల్లులకు పోతాయి.

హైబ్రిడ్ విత్తనం మాత్రం యంత్రంతో తయారు కాదు. సాయంత్రం మొగ్గ విప్పి, లోపలి కేసరాలను వేలిగోటితో తీసేయాలి. మర్నాడు పొద్దున వేరే మొక్క పువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దాలి. సీడ్ చేలల్లో దీన్ని క్రాసింగ్ అంటారు. ఒకప్పుడు బడిలో ఉండాల్సిన ఆడపిల్లలతో ఈ పని చేయించి కర్నూలు ప్రాంతం చెడ్డపేరు తెచ్చుకుంది.

కిందటి ఏడాది ఒక సీడ్ చేను గట్టున నిలబడి అక్కడ పనిచేస్తున్న ఒకామెను అడిగాను, రోజుకు ఎన్ని పూలు క్రాసింగ్ చేస్తావమ్మా అని.

"లెక్క ఎవరు పెడతారు సార్? ఎండ ముదిరేలోపల అయిపోవాల" అంది.

మాట్లాడుతున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. వేళ్ల కొసలు పుప్పొడితో పసుప్పచ్చగా ఉన్నాయి. ఈసారి మర్చిపోకుండా పేరు అడిగాను. చెప్పి, నవ్వి, పక్క సాలులోకి వెళ్లిపోయింది.

సెలవు. నమస్కారం.