41: టాప్ ఫైవ్ డైరెక్టర్లు, ఈసారైనా పూర్తి చేద్దాం

అక్క: ఎర్ర లైట్ వెలిగింది, ఆన్ అయినట్టే. నమస్కారం అండీ, ఇది ఎన్నో ఎపిసోడ్‌రా?

తమ్ముడు: 41. వంకాయ ఎపిసోడ్‌ని కూడా లెక్కేస్తే.

అక్క: దాన్ని లెక్కెయ్యం. (నవ్వు) దాని గురించి ఇంకెవరూ మెసేజ్‌లు పెట్టకండి, మీకు పుణ్యం ఉంటుంది. ఈ వారం మా ఇద్దరికీ నచ్చిన టాప్ ఫైవ్ తెలుగు డైరెక్టర్లు. నేను రాసుకొచ్చాను. కె.వి.రెడ్డి, బాపు, విశ్వనాథ్, సింగీతం, వంశీ. నీది చెప్పు.

తమ్ముడు: పింగళి నాగేంద్రరావు, డి.వి.నరసరాజు, ముళ్ళపూడి, జంధ్యాల...

అక్క: డైరెక్టర్లు అన్నాను.

తమ్ముడు: జంధ్యాల డైరెక్టరే కదా.

అక్క: మిగతా ముగ్గురూ?

తమ్ముడు: వీళ్ళు లేకపోతే నీ లిస్టులో మొదటి ముగ్గురూ లేరు. మాయాబజార్‌కి మాటలు ఎవరు రాశారు? పింగళి. పెద్దమనుషులుకి నరసరాజు. ముత్యాలముగ్గులో రావు గోపాలరావు నోరు తెరిస్తే వినపడేది ఎవరు? ముళ్ళపూడి. శంకరాభరణానికి రాసింది జంధ్యాల. పోస్టర్ మీద మాత్రం డైరెక్టర్ పేరు ఇంత లావున.

అక్క: మొదలెట్టాడండీ. పాత శ్రోతలకి తెలుసు, వీడు ఎన్టీఆర్ ఎపిసోడ్‌లో కూడా ఇదే పాట పాడాడు.

తమ్ముడు: పాడతాను. జనం నోట్లో మిగిలింది ఏంటి? అసమదీయులు, తసమదీయులు. కెమెరా యాంగిల్‌ని ఎవరైనా ఇంట్లో వాడతారా?

అక్క: ఆగు. మాయాబజార్ అంతా పాండవుల ఇంటి పెళ్ళి గొడవే కదా. అందులో అభిమన్యుడు ఉన్నాడు, సుభద్ర ఉంది, ఘటోత్కచుడు ఉన్నాడు. పాండవులు ఒక్కరైనా కనిపిస్తారా? అయిదుగురినీ తెర మీదకి రానివ్వకుండా సినిమా నడపడం అనేది డైరెక్టర్ బుర్ర.

తమ్ముడు: అది రాత బుర్ర అక్కా. ఎవరు రావాలో, ఎవరు రాకూడదో తేలేది కాగితం మీదే.

అక్క: (కాసేపు ఆగి) సరే, అది నీకే ఇచ్చేశాను. మరి ఆ పడవ పాటలో వెన్నెల?

తమ్ముడు: అది మార్కస్ బార్ట్‌లీ వెన్నెల. కెమెరామన్. చూశావా, కె.వి.రెడ్డి చేతిలో ఇంకేం మిగల్లేదు.

అక్క: స్టాప్‌వాచ్ మిగిలింది! షూటింగ్‌కి ముందే స్క్రిప్ట్ చదివించి, వాచీ పట్టుకొని, ఏ సీన్ ఎంతసేపో తేల్చుకునేవారు ఆయన. ఫిల్మ్ వృథా అవ్వకూడదని.

తమ్ముడు: నాన్న కూడా పప్పుచారుకి వాచీ పెట్టేవాడు. రుచి పెరిగిందా?

అక్క: (నవ్వు) ఆ చారు సంగతి ఎత్తకు. (కుక్కర్ విజిల్) ఒకటి. నువ్వు కూడా లెక్కపెట్టు, నాలుగింటికి కట్టెయ్యాలి.

తమ్ముడు: బాపు దగ్గరికి రా.

అక్క: బాపుకి అంతసేపు అక్కర్లేదు, ఆయన ఫ్రేమ్ చూస్తే ఆయన బొమ్మే. పులిదిండి వెళ్ళి సాక్షి తీసినప్పుడే తేలిపోయింది. విశ్వనాథ్ సౌండ్ డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చారు, వాహినిలో. అందుకే ఆయన సినిమాల్లో నిశ్శబ్దం కూడా శ్రుతిలో ఉంటుంది.

తమ్ముడు: ఆ నిశ్శబ్దానికి అటూ ఇటూ ఉన్న మాటలు జంధ్యాలవి.

అక్క: అబ్బా! ఇప్పుడు నేనొకటి అడుగుతాను, జవాబు చెప్పు. సింగీతం తీసిన పుష్పక విమానం. 1987. మాటలు ఎవరు?

తమ్ముడు: ...

అక్క: శ్రోతలారా, ఇది మైక్ సమస్య కాదు.

తమ్ముడు: అది మోసం. అందులో అసలు మాటల్లేవు.

అక్క: అదే కదా నేను అనేది! రెండు గంటలు ఒక్క డైలాగు లేకుండా జనాన్ని కూర్చోబెట్టారు. నీ పింగళీ లేరు, నీ జంధ్యాలా లేరు. అయినా నిరుద్యోగం అర్థమైంది, లాడ్జిలో బాత్రూం క్యూ అర్థమైంది, ప్రేమా అర్థమైంది. టినూ ఆనంద్ ఐసు కత్తితో పొడవబోతే అది కరిగిపోతుంది చూడు, దానికి ఏ మాట రాస్తావు?

తమ్ముడు: కథ, స్క్రీన్‌ప్లే కూడా సింగీతంవే. అంటే ఆయన రైటరే. నా లిస్టులోకి వచ్చేశారు.

అక్క: ఒరేయ్!

తమ్ముడు: అయిదో పేరు ఖాళీగా ఉంది కదా. సింగీతం.

అక్క: నా నాలుగో ఆయన్ని దొంగిలించి నీ అయిదో చోట పెట్టావు. ఆయన మాయాబజార్‌కి కె.వి.రెడ్డి దగ్గర అసిస్టెంట్, తెలుసా? నాకైతే ఆ స్టాప్‌వాచే ఈయన చేతికి వచ్చిందనిపిస్తుంది. మాటలు లేకపోతే సీన్ ఎక్కడ ఆపాలో ఎవరు చెప్తారు? లోపల గడియారం ఉండాలి. (విజిల్) రెండు.

తమ్ముడు: మూడు.

అక్క: రెండే.

తమ్ముడు: ఇందాక నువ్వు అరుస్తున్నప్పుడు ఒకటి వచ్చింది. సరేలే. మొన్న అమ్మకి చూపించాను ఆ సినిమా.

అక్క: పుష్పకమా? నాకు చెప్పలేదేం?

తమ్ముడు: చెప్పేంత ఏముంది. ఈ మధ్య తను ఏ సినిమా చూసినా పది నిమిషాలకి లేచిపోతోంది కదా. రిమోట్‌లో సౌండ్ చివరిదాకా పెట్టినా, ఏమన్నాడు, ఏమన్నాడు అని మనల్ని అడగటం తనకి నామోషీ. మాటల్లేని సినిమా అయితే ఆ గొడవ ఉండదు కదా అని పెట్టాను. కదలకుండా చూసింది. ఐసు కత్తికి ఎంత నవ్విందో.

అక్క: చూశావా మరి.

తమ్ముడు: విను. హీరో పెద్ద హోటల్‌కి వెళ్తాడు కదా, నిద్ర పట్టదు. పాత గది పక్కన సినిమా హాలు, ఆ రొదకి అలవాటు పడ్డాడు. మళ్ళీ వెళ్ళి ఆ రొద టేప్‌లో రికార్డ్ చేసుకొచ్చి, హోటల్లో పెట్టుకొని పడుకుంటాడు.

అక్క: అవును, నాకు అన్నిటికన్నా ఇష్టమైన సీన్ అదే.

తమ్ముడు: అందరూ నవ్వే సీన్. అమ్మ నా వైపు చూసి, ఆ టేపులో ఏముందిరా అంది.

అక్క: ...

తమ్ముడు: ఆపి, చెవి దగ్గర కూర్చొని చెప్పాను. ఇది పాటల చప్పుడమ్మా, ఇది ఫైటింగ్ అమ్మా, అది లేకపోతే వాడికి నిద్ర రాదు అని. అప్పుడు నవ్వింది. కానీ నేను చెప్పాక నవ్వింది.

అక్క: ఎన్నిసార్లు చూశాను... ఆ సీన్‌కి చెవులు కావాలని నాకెప్పుడూ తట్టలేదు.

తమ్ముడు: మరి అందుకే అంటున్నాను, పుష్పకానికి కూడా మాటలు కావాలి. మా ఇంట్లో ప్రింటుకి రాసింది నేనే.

అక్క: (నవ్వు) టైటిల్స్‌లో నీ పేరు వేయించమంటావా?

తమ్ముడు: డైరెక్టర్ కంటే లావుగా.

అక్క: వంశీ మిగిలిపోయాడు. సితార, లేడీస్ టైలర్, ఇళయరాజా, గోదావరి... పది నిమిషాల్లో అయ్యేది కాదు. వచ్చే వారం. ఈసారి నిజంగానే.

తమ్ముడు: పోయిన దసరాకి కూడా ఇదే అన్నావు.

అక్క: అప్పుడు నీకు జ్వరం. అదీ కాక వంశీ తన కథలు తనే రాసుకుంటాడు, ఇక నువ్వు అయిదు చోట్లా ఆయన్నే...

తమ్ముడు: అక్కా, ఏదో మాడు వాసన.

అక్క: విజిల్ ఎన్నిరా?

తమ్ముడు: నువ్వు లెక్కపెడుతున్నావనుకున్నాను.

అక్క: అమ్మ వంటింట్లోనే ఉంది కదా...

తమ్ముడు: ఉంటే మాత్రం, విజిల్ వినపడొద్దూ?

అక్క: అయ్యో పప్పు! లే, లే, ఆ మైక్ తర్వాత కట్టొచ్చు...