టేకాఫ్ ఆగిన తర్వాత

పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

పిల్లల్ని అమెరికా పంపడానికి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ వెళ్లొచ్చిన తల్లిదండ్రులు ఈ హాల్లో చాలామందే ఉంటారు. టేకాఫ్ మధ్యలో విమానం ఆపేశారని పిల్లల నుంచి ఫోన్ వస్తే ఇల్లంతా టెన్షన్. పైలట్ భయపడ్డాడట, విమానం పాతదట అని మాటలు మొదలవుతాయి. విమానాల మెయింటెనెన్స్‌లో పని చేసినవాడిగా నేను చెప్పేది ఒకటే: ఆపడం తప్పు కాదు. అసలు జాగ్రత్త కావలసింది ఆగిన తర్వాత.

ప్రతి టేకాఫ్‌కు ముందు వీ వన్ అనే వేగం లెక్క కడతారు. బరువు, రన్‌వే పొడవు, తడి, గాలి, ఎండ అన్నీ అందులోకి వస్తాయి. మే నెలలో మన పాలమూరు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. అంత వేడిలో గాలి పలచబడుతుంది, ఇంజన్ బలం తగ్గుతుంది, విమానం లేవడానికి ఎక్కువ దూరం పరిగెత్తాలి. ఎయిర్‌బస్ 320కి వీ వన్ తరచూ 130 నుంచి 150 నాట్లు, అంటే గంటకు 240 నుంచి 280 కిలోమీటర్లు. ఆపాలంటే ఆ వేగం లోపే మొదలుపెట్టాలి. దాటాక ఒక ఇంజన్ పోయినా ఎగరడమే క్షేమం, రెండోదానితో లేచి తిరిగి దిగవచ్చు.

దీనికీ మినహాయింపు ఉంది. 2017 మార్చిలో అమెరికాలోని మిషిగన్‌లో ఎండీ-83 అనే ఒక విమానం వీ వన్ దాటాక కెప్టెన్ దాని ముక్కు ఎత్తబోతే లేవలేదు. నేల మీద ఉండగానే ఈదురుగాలికి తోకలోని ఎలివేటర్, అంటే ముక్కును పైకీ కిందికీ తిప్పే కదిలే పలక, బిగుసుకుపోయింది. ఆయన ఆపేశాడు. విమానం రన్‌వే దాటి వెళ్లింది కానీ, అందులోని 116 మందీ బతికారు. ఆ కెప్టెన్ నిర్ణయమంటే నాకు ఎంతో గౌరవం.

ఇక బ్రేకుల సంగతి. 70 టన్నుల విమానం 140 నాట్ల మీద ఉందంటే, దాని వేగంలో ఉన్న శక్తి 600 లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగించగలదు. 320లో ఆ శక్తిలో ఎక్కువ భాగం నాలుగే నాలుగు బ్రేకుల్లోకి వేడిగా దిగుతుంది. ఆగిన క్షణంలో కాదు, కొన్ని నిమిషాల తర్వాత ఆ వేడి చక్రానికి, టైరుకు పాకుతుంది. టైరు పేలకుండా చక్రంలో చిన్న ప్లగ్‌లు ఉంటాయి. వేడి హద్దు దాటితే అవి కరిగి గాలిని వదిలేస్తాయి. అయినా చక్రం పగిలితే ముక్కలు పక్కలకు ఎగురుతాయి. అందుకే ఫైర్ సిబ్బంది వేడెక్కిన చక్రం దగ్గరికి పక్క నుంచి పోరు, ముందు నుంచో వెనక నుంచో పోతారు. 320లో బ్రేకులు 300 డిగ్రీలు దాటితే కాక్‌పిట్‌లో హెచ్చరిక వస్తుంది, చల్లబడేదాకా మళ్లీ టేకాఫ్ లేదు. లోపల మీకు విసుగు పుట్టే ఆ నిరీక్షణంతా ఇందుకే.

దిగిపోవాల్సి వచ్చినప్పుడు మాత్రం క్షణం ఆగకూడదు. 1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో ఒక బోయింగ్ 737 పరుగు తీస్తుండగా పెద్ద చప్పుడైంది. టైరు పేలిందనుకుని పైలట్లు ఆపారు. నిజానికి ఇంజన్ ముక్క ఎగిరి ఇంధన ట్యాంకును చీల్చింది. విమానాన్ని పక్కకు తిప్పి నిలిపేసరికి గాలి మంటను క్యాబిన్ వైపే నెట్టింది. 55 మంది చనిపోయారు, ఎక్కువమంది పొగకే. విమానం ఆగింది, మనుషులు బయటికి రాలేకపోయారు. ఆ ఘటన తర్వాతే అత్యవసర ద్వారాల దగ్గర సీట్ల మధ్య సందు పెంచడం, నేల మీద దారి చూపే లైట్లు, మంటను నిలువరించే సీటు కవర్ల మీద పట్టుదల పెరిగింది.

ఇన్నేళ్ల తర్వాత కూడా, 2016లో షికాగోలో ఇంజన్ ముక్కలై రెక్క అంటుకుంటే, వద్దన్నా కొందరు బ్యాగులు తీసుకుని దిగారు. నాకు కోపం తెప్పించే విషయం ఇది. పాస్‌పోర్టు మళ్లీ తీసుకోవచ్చు. మీ వెనక సీటులో ఉన్న ముసలావిడకు దారి అడ్డం పెట్టే హక్కు మనకు లేదు. మీ బిడ్డను ఎయిర్‌పోర్టులో దించేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పండి.

మంట ఏమీ లేకపోతే విమానాన్ని బే, అంటే నిలిపి ఉంచే చోటు, దగ్గరికి తెస్తారు. మా వాళ్లు బ్రేకులు, టైర్లు, చక్రాలను మోసే గేర్ చూస్తారు, రికార్డయిన వివరాలు పరిశీలిస్తారు, లాగ్‌బుక్‌లో సంతకం పెడతారు. ఆ సంతకం పడేదాకా విమానం కదలదు, ఎవరెంత తొందరపెట్టినా.

ఇక మీ ప్రశ్నలు అడగండి.