ఈకలు రాలితే నట్టల మందు పోస్తారా? ఆగండి బాబూ!

నమస్తే అండి. గజపతినగరం దగ్గర మా పెరట్లోంచి మాట్లాడుతున్నాను. వెనక అరుస్తున్నది మా పుంజు, దానికి కెమెరా అంటే పడదు.

ఆ షార్ట్ వీడియో మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. "కోడి ఈకలు రాలుస్తోందా? కడుపులో నట్టలు. ఈ రోజే ఫెన్‌బెండజోల్ పొయ్యండి" అని. ఏటండీ ఇది! ఈకలు రాల్చడం జబ్బా? వానలు వెనకబట్టి పొద్దు కురచయ్యే రోజుల్లో పెట్ట పాత ఈకలు వదిలేసి కొత్తవి తొడుక్కుంటుంది. ఆ కొన్నాళ్లూ గుడ్లు పెట్టదు. అంతే.

దారుణం ఎక్కడంటే, సరిగ్గా కొత్త ఈకలు మొలిచేటప్పుడు ఆ మందు పడితే ఈకలే వంకర పోతాయి. నాకెలా తెలుసంటారా? పోయిన ఏడాది ఆ వెధవ పని చేసింది నేనే కదా! షాపతను ఇచ్చాడు, నేను పోశాను. మా ఎర్రపెట్ట మెడ మీద ముళ్లలా లేచిన ఈకలు విచ్చుకోలేదు, మెలి తిరిగి అలాగే ఉండిపోయాయి. చలికాలమంతా పొయ్యి పక్కనే ముడుచుకుని కూర్చుంది పాపం.

నట్టలు ఉండవని కాదు. రెట్టలో సేమియాలాంటి పురుగు కనిపించినా, తురాయి పాలిపోయి రొమ్ము ఎముక చేతికి కత్తిలా తగిలినా తాజా రెట్ట పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లండి. గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది మనకి! ఏలిక పాములైతే పిపరజిన్ ఉంది. అది పురుగును చచ్చుబడేస్తే రెట్టతో జారిపోతుంది. బద్దె పురుగు మాత్రం దానికి లొంగదు. మోతాదెంత, ఎన్నాళ్లు గుడ్లు తినకూడదు అన్నది డాక్టరు చెప్పాలి, నేను కాదు, ఆ వీడియో అసలే కాదు.

ఇక నా మాట. అసలు దొంగ గంప కింద తడి! రెట్టలో పడిన పురుగు గుడ్లు వెచ్చటి తడిలో రెండు వారాల్లో ముదురుతాయి. ఆ నేల మీదే మనం నూకలు చల్లుతాం. అంటే నట్టల్ని వడ్డిస్తున్నది మనమే! నేల మీది గుడ్లను ఏ మందూ ముట్టుకోదు. వారానికోసారి గీకి పారేసి పొడి ఊక వెయ్యండి. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తే, అందుకని మందు డబ్బులతో నాలుగు ఎండు నెత్తళ్లు కొని, ఉప్పు పోయేలా కడిగి ఉడకబెట్టి పెట్టండి.

ఇప్పుడే వెళ్లి గంప ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి. తడా, పొడా? కామెంట్లో రాయండి, అబద్ధం ఆడకుండా!